పులుసు పక్కన సీసా: బావ హోటల్లో వైన్ లిస్టు చూసిన అనుభవం

మార్చి చివర్లో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి బావ ఫోన్ చేశాడు. హోటల్ వాళ్ళకి కాస్త తీరిక దొరికేది ఆ టైంలోనే. "నువ్వేదో వైన్ కోర్సు చేశావుగా, అది మాకేమన్నా పనికొస్తుందేమో చూద్దాం రా" అన్నాడు.

బావంటే మా మేనత్త కొడుకు. కాకినాడ నుంచి వచ్చి హైదరాబాద్ కొండాపూర్‌లో చేపల హోటల్ పెట్టాడు. కొర్రమీను రామ్‌నగర్ మార్కెట్ నుంచి, రొయ్యలూ పీతలూ చందువాలూ రాత్రి బండికి కాకినాడ నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి. బారు లైసెన్సూ ఉంది. బీరు ఆగకుండా పోతుంది, విస్కీ కూడా అంతే. వైన్ మాత్రం కదలదు. మెనూలో చూస్తే 26 రకాలు. ఫిబ్రవరి మొత్తానికి అమ్మింది 9 సీసాలు. అందులో మూడు, అక్క (బావ భార్య) పుట్టింటివాళ్ళు వచ్చినప్పుడు బావే తెరిచినవి.

నేను ఏడేళ్ళు ఒక స్టార్ హోటల్ రెస్టారెంట్‌లో పని చేశాను. అక్కడ వైన్ లిస్టంటే తోలు అట్ట వేసిన పుస్తకం, తెల్ల గుడ్డ పరిచిన టేబుల్, సీసాని పసిబిడ్డలా మోసుకొచ్చే కుర్రాడు. బావ హోటల్లో స్టీలు గిన్నెలో పులుసు, పక్కన టిష్యూ డబ్బా, పీత కాళ్ళు కొరుకుతున్న చప్పుడు. ఇక్కడ వైన్ అవసరమా అన్న అనుమానం నాకూ ఉంది. ఆ మాట బావతో అనలేదు.

ముందు మెనూ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని ఇంట్లో కూర్చుని చదివాను. 26లో 17 రెడ్డు. వైట్ ఆరు, స్పార్క్లింగ్ (బుడగల వైన్) రెండు, రోజే అనే గులాబీ రంగు వైన్ ఒకటి. ఆ రోజే కూడా రెడ్డు కింద అచ్చయింది. చేపల హోటల్లో ఇన్ని రెడ్డులేమిటని అడిగితే అసలు సంగతి బయటపడింది. మెనూ కార్డులు ఉచితంగా అచ్చు వేయించి ఇస్తానని ఒక కంపెనీ ప్రతినిధి వచ్చాడట. అచ్చు ఖర్చు అతనిది, అందులో పేర్లూ అతనివే. ఏ సంవత్సరం పంటో ఏ సీసాకీ లేదు. గ్లాసు ధర అసలే లేదు. ఒక్కడే వచ్చి చేప తినేవాడు వైన్ కావాలంటే సీసా మొత్తం కొనుక్కోవాలన్నమాట.

"ఎర్రగా ఉంటేనే వైన్ అనుకుంటారే జనం" అన్నాడు బావ. అదీ నిజమే. 'వైన్స్' అని బోర్డు పెట్టి బ్రాందీ అమ్మే ఊరు మనది. ఎప్పుడో ఒకసారి వైన్ అడిగే బాబాయిలు కూడా "రెడ్ వైన్ గుండెకి మంచిదట" అంటూ అడుగుతారు. (ఆల్కహాల్ ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే తేల్చి చెప్పింది. మా మేనమామకి ఈ మాట చెప్పి చూశాను, ఛానల్ మార్చేశాడు.)

ఆ రాత్రి నేనొక తెలివితక్కువ పని చేశాను. ఉత్సాహం ఆపుకోలేక ఒక కలల లిస్టు రాశాను. ఫ్రాన్స్‌లో లువార్ నది సముద్రంలో కలిసేచోట పండే మస్కదే, స్పెయిన్‌లో గలీసియా తీరం అల్బరీన్యో, పోర్చుగల్ వీన్యో వెర్దే. అన్నీ సముద్రపు తిండితో కలిసి పెరిగిన వైన్లే. పొద్దున్నే బావకి పంపాను. ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది: "ఇవి డిపోలో ఉన్నాయా?"

లేవు. స్టార్ హోటల్లో ఉన్నన్నాళ్ళూ కొనుగోళ్ళు వేరేవాళ్ళు చూసేవాళ్ళు కాబట్టి నాకు ఈ సంగతి సగమే తెలుసు. తెలంగాణలో బారు లైసెన్సు ఉన్నవాళ్ళు సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే ఎత్తాలి. ఇక్కడ రిజిస్టర్ అయిన లేబుళ్ళే దొరుకుతాయి, వాటిలోనూ ఆ వారం ఏది ఉంటే అది. గోవాలో తాగి నచ్చిందనో, ఎవరో దుబాయ్ నుంచి తెచ్చారనో మెనూలో రాసుకోవడం కుదరదు. నా కలల లిస్టు ఫోన్‌లోనే ఉండిపోయింది.

ఇక లిస్టు వదిలేసి హోటల్‌కి వెళ్ళాను. ఏప్రిల్ మొదటి వారం. సీసాలు ఎక్కడున్నాయని అడిగితే కెప్టెన్ కుర్రాడు కౌంటర్ వెనక అలమర చూపించాడు. అలమర వెనక గోడ వంటింటిది. గోడకి అవతల పొయ్యి. సీసాలు వరసగా నిలబెట్టి, అందంగా కనిపించాలని పైన పసుపు బల్బులు. చెయ్యి పెట్టి చూస్తే సీసా గోరువెచ్చగా ఉంది. నూనె వేడి చూసే థర్మామీటరు వంట మాస్టర్ దగ్గర తీసుకుని ఒక రెడ్డు తెరిచి ముంచాను: 31 డిగ్రీలు. "రెడ్డు రూమ్ టెంపరేచర్లో ఇవ్వాలంటారు కదా మేడం" అన్నాడు కెప్టెన్. తప్పు అతనిది కాదు. ఆ మాట పుట్టింది చలిదేశపు ఇళ్ళలో, అక్కడ రూమంటే 16, 18 డిగ్రీలు. కొండాపూర్‌లో ఏప్రిల్ రూమంటే స్నానానికి కాచిన నీళ్ళే.

26 పేర్లకి అలమరలో ఉన్నవి 11. మిగతావి అడిగితే "స్టాక్ లేదండీ" అనడం కుర్రాళ్ళకి అలవాటైపోయింది. రెండుసార్లు లేదనిపించుకున్నవాడు మూడోసారి వైన్ అడగడు, బీరు చెప్తాడు. ఆ 9 సీసాల రహస్యం సగం ఇక్కడే తెలిసింది.

మిగతా సగం వైట్ సీసాల్లో. ఒకదాని వెనక చూస్తే నాలుగేళ్ళ కిందటి పంట. మన దేశపు వైట్ వైన్లలో ఎక్కువ భాగం లేతగా ఉన్నప్పుడే తాగేవి. నాసిక్ వైపు ద్రాక్ష జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. యూరప్‌లోలా సెప్టెంబర్ కాదు. అప్పుడు కోసినది ఒకటి రెండేళ్ళలో తాగేస్తే ప్రాణంతో ఉంటుంది. ఈ సీసా మూత తీశాను. రంగు ఆముదంలా దిగింది. జామకాయ కోసినప్పటి పచ్చివాసన రావాల్సినచోట, కోసి పెట్టి మర్చిపోయిన యాపిల్ ముక్క వాసన. కంపెనీని అనడానికేం లేదు. పొయ్యి పక్కన మూడు ఎండాకాలాలు నిలబెడితే ఎవరైనా అలాగే అవుతారు. అక్క దూరం నుంచే వాసన చూసి "ఇది జనానికి పోశామా?" అంది. పోశారు.

పోయడం దగ్గర ఇంకొకటి కనిపెట్టాను. బారు కుర్రాడు పెద్ద వైన్ గ్లాసు తీసుకుని, పెగ్గు కొలతతో 60 మిల్లీలీటర్లు పోసి ముందు పెట్టాడు. గ్లాసు అడుగున చెంచాడు తడి ఉన్నట్టుంది. సీసా కొన్నవాళ్ళకి కూడా ఇలాగే పోస్తున్నాడట. అలవాటైన చెయ్యి, విస్కీ కొలతే తెలుసు. మామూలుగా గ్లాసు వైన్ అంటే 150, 750 సీసాకి అయిదు గ్లాసులు. "60, 60, 30" అని చెప్పాను. అదే పెగ్గు కొలతతో మూడుసార్లు. ఒక్కసారికే పట్టేశాడు.

రెండోరోజు అసలు పని. సాయంత్రం నాలుగింటికి, స్టాఫ్ భోజనాలయ్యాక, టేబుల్ నంబర్ ఆరు మీద. డిపోలో దొరికిన వాటిలో కొత్త పంటవి చూసి బావ తెచ్చినవి ఆరు: నాసిక్ చెనిన్ బ్లాంక్ ఒకటి, సావిన్యాన్ బ్లాంక్ ఒకటి (రెండూ వైట్లే), రోజే, స్పార్క్లింగ్, షిరాజ్ అనే రెడ్డు, ఆస్ట్రేలియా శార్దొనే అనే వైట్. వైట్లూ రోజే బకెట్‌లో పెట్టమంటే ఐసు ముక్కలు మాత్రమే పోశారు. ఉత్త ఐసు సీసాని అక్కడక్కడ తాకుతుందంతే. నీళ్ళు పోసి గుప్పెడు రాళ్ళుప్పు వేయించాను. పావుగంటలో వైట్ తాగేంత చల్లబడింది. మాస్టర్‌కి ఈ ఉప్పు కిటుకు నచ్చింది, "కుల్ఫీ బండి లెక్క" అన్నాడు.

టేబుల్ చుట్టూ నేనూ, బావా, మాస్టరూ, కెప్టెనూ. అక్క తాగదు, గ్లాసులు వాసన చూస్తానంది. చివరికి ఆమె ముక్కే అందరికంటే పదునని తేలింది.

మొదట నెత్తళ్ళ వేపుడు, స్పార్క్లింగ్. దీనికి వివరం అక్కర్లేదు. కరకరలాడే ఉప్పుచేప, నూనె, మీద బుడగలూ పులుపూ. బావ రెండో గుప్పెడు నెత్తళ్ళు తీసుకుని అప్పుడు గ్లాసు వైపు చూశాడు. ఆ క్రమం చూశాక నోట్‌బుక్‌లో టిక్కు పెట్టాను.

అపోలో ఫిష్ వచ్చింది. హైదరాబాద్ బారుల్లో అది లేకుండా సాయంత్రం గడవదు. పచ్చిమిర్చి, కరివేపాకు, పెరుగు. దీనికి సావిన్యాన్ చుట్టమే. ఆ ద్రాక్షలో పుట్టుకతోనే ఒక పచ్చి వాసన ఉంటుంది, పచ్చిమిర్చి గింజ తీసేసి తొక్క నలిపినట్టు. అక్క గ్లాసు వాసన చూసి "కూరలో వేసినదే ఇందులోనూ వేశారా?" అంది. కెప్టెన్ అది రాసుకున్నాడు.

రొయ్యల వేపుడు దగ్గర మొదటి గొడవ. మాస్టర్ వేపుడులో కారం తగ్గించడు, అడిగినా తగ్గించడు. సావిన్యాన్ తాగితే మంట ఇంకా లేచింది. కారం మీద ఆల్కహాల్ పడితే మంట ఎగదోసినట్టే. చెనిన్ పోశాం. దాంట్లో లీలగా తీపి ఉంది, కొబ్బరిబొండం నీళ్ళంత. మంట కిందికి దిగింది, రొయ్య తీపి పైకి వచ్చింది. హైదరాబాద్‌లో కాస్త చదువుకున్నవాళ్ళు "నాకు డ్రైయే కావాలి, స్వీట్ వద్దు" అని గొప్పగా చెప్పుకుంటారు. ఒకప్పుడు నేనూ చెప్పుకున్నాను. ఈ వేపుడు ముందు ఆ గొప్ప చెల్లదు.

గోంగూర రొయ్యలకి అన్నీ ఓడిపోయాయి. తిండి పులుపు వైన్ పులుపుని మించితే వైన్ చప్పగా, నీళ్ళు కలిపినట్టు అనిపిస్తుంది. ఆరూ ఒక్కొక్కటే చప్పబడ్డాయి. చివరికి బావ ఒక బీరు తెప్పించి "దీనికిది" అన్నాడు. నేను వాదించలేదు. నోట్‌బుక్‌లో గోంగూర ఎదురుగా 'బీరు' అని రాశాను.

బటర్ గార్లిక్ రొయ్యలకి శార్దొనే, తవా మీద కాల్చిన పీతకి రోజే బాగానే కుదిరాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏంలేదు.

కొర్రమీను పులుసు. ఈ హోటల్ పేరు నిలబడిందే దీనిమీద. ముందు షిరాజ్‌తో చూద్దామన్నాను. 17 రెడ్డులు అచ్చు వేసుకున్న లిస్టు కదా, దాని మాటా వినాలి. చల్లబరిచాం, 16 డిగ్రీలకి తెచ్చాం. ఒక ముక్క చేప, ఒక గుక్క. మాస్టర్ మొహం వెంటనే ముడుచుకుంది. "అమ్మా, ఇది కిలం రుచి" అన్నాడు.

అంతకంటే సరిగ్గా నేను చెప్పలేను. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినప్పుడు వచ్చే లోహపు రుచి. 2009లో జపాన్ పరిశోధకులు దీని మూలం వెతికారు. ఎన్నో వైన్లని ఎండబెట్టిన స్కాలప్‌తో రుచి చూసి, వైన్‌లో ఇనుము ఎక్కువున్నకొద్దీ నీచు వాసన పెరుగుతోందని తేల్చారు. అందరూ వగరు మీదకి నెట్టే నేరంలో ఇనుముకి పెద్ద వాటా ఉందన్నమాట. వాళ్ళు ల్యాబులో పట్టుకున్నది మా మాస్టర్ ఒక గుక్కలో పట్టుకున్నాడు, లోహం పేరొక్కటే తేడా.

అదే పులుసుకి చెనిన్ పెట్టాం. అద్భుతం అనను. కానీ గొడవ లేదు. పులుసులో బెల్లం, వైన్‌లో తీపి, రెండు పులుపులు పక్కపక్కన కూర్చున్నాయి. పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది కదా అని మర్నాడు నిన్నటి పులుసుతో మళ్ళీ చూశాం. ఇంకాస్త బాగా కుదిరింది. స్టార్ హోటల్లో ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నిన్నటి కూరతో వైన్ రుచి చూడలేదు నేను.

వీళ్ళు రుచులు చెప్పిన మాటల్లో నాకు తట్టిందొకటి. కోర్సులో టానిన్ (రెడ్డుకి వగరునిచ్చేది) అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, చల్లారిన టీ నోట్లో పెట్టుకుని కూర్చోమనేవాళ్ళు. కెప్టెన్‌కి షిరాజ్ ఇచ్చి ఎలా ఉందంటే "వగరుగా ఉంది మేడం, నేరేడుపండు తిన్నట్టు" అన్నాడు. అతను శ్రీకాకుళం కుర్రాడు. ఉగాది పచ్చడి తిన్నవాడికి వగరు వేరే నేర్పాలా? అంతకుముందు అతిథి ఏదైనా అడిగితే 'మీడియం బాడీ' అని ఎవరో నేర్పిన మాట అప్పజెప్పేవాడు, తనకే అర్థంకాకుండా.

అందుకే కొత్త లిస్టు తెలుగులో రాశాం, ఇంగ్లిష్ పక్కన. ఏడే ఏడు. స్పార్క్లింగ్, చెనిన్, సావిన్యాన్, శార్దొనే, రోజే, రెడ్డు ఒకటి. ఏడోది బావ పట్టుదల. హంపీ దగ్గర క్రస్మా ఎస్టేట్స్ ద్రాక్షతోటలు హైదరాబాద్ వాళ్ళవేనని, చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు పెట్టారని నేను మాటల్లో అన్నాను. "మనవాళ్ళదా? పెట్టాల్సిందే" అన్నాడు. ధర ఎక్కువే. డిపోలో దొరికినప్పుడు ఒక్క సీసా ఉంచుదామని ఒప్పందం. వైన్ పేర్లకి విడి పేజీ తీసేశాం. ప్రతి చేప వంటకం కింద చిన్న అక్షరాల్లో దాని జోడీ ఉంటుంది. గోంగూర కింద బీరే.

ధరల దగ్గర బావతో రెండు గంటలు పోట్లాట. డిపో ధర లెక్కకి వెయ్యి అనుకుందాం. బావ మెనూలో మూడు వేలు పెట్టేవాడు. లైసెన్సు ఫీజు, ఏసీ, పగిలే గ్లాసులు, అన్నీ దానిమీదే వేస్తున్నాడు. నేను 1,900 అన్నాను, గ్లాసు 400. అయిదు గ్లాసులు పోతే రెండు వేలు. "నెలకి తొమ్మిది సీసాల మీద రెండేసి వేలు మిగలడం కంటే ముప్ఫై సీసాల మీద తొమ్మిదేసి వందలు మిగలడం మేలు కాదా" అన్నాను. "ముప్ఫై పోతాయని ఎవరు చెప్పారు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆస్ట్రేలియా సీసా ఎందుకంత ఖరీదని ఇంకో తగువు. దిగుమతి వైన్ మీద కస్టమ్స్ సుంకం 150 శాతం ఉండేది. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చాక, 5 అమెరికన్ డాలర్లు దాటిన సీసాకి 100 శాతానికి, 15 దాటితే 75 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు బావ దాకా ఎంత చేరిందో అతనికి తెలుసు, నన్ను చూసి నవ్వాడు. చివరికి అక్క క్యాష్ కౌంటర్ నుంచే "రెండు నెలలు ఆ పిల్ల చెప్పినట్టు పెట్టు, తర్వాత నీ ఇష్టం" అంది.

సీసాలు పొయ్యి గోడ నుంచి మారాయి. బీరు ఫ్రిజ్‌లో ఒక అర వైట్లకిచ్చారు, రెడ్డు కూడా అందులోనే, ఇచ్చే ముందు అరగంట బయట పెడతారు. తెరిచిన సీసా మీద మార్కర్‌తో తేదీ రాయాలి, మూడో రోజు దాటితే మాస్టర్‌కి. బటర్ గార్లిక్‌లోకి పోస్తాడు.

మేలో 22 సీసాలు పోయాయి, జూన్‌లో 27. ముప్ఫై కాలేదు, బావ గుర్తు చేయకుండా ఉండడు. స్పార్క్లింగ్ అనుకున్నంత పోలేదు. గ్లాసు లెక్కన అమ్మితే సగం సీసా గ్యాసు పోయి పారబోయాల్సి వస్తోంది, నేను ముందే ఊహించాల్సింది. ఒక పెద్దాయన ప్రతి శనివారం వస్తాడు, పులుసూ రెడ్డూ కావాలంటాడు, అందులో సోడా కలపమంటాడు. మొదటిసారి కెప్టెన్ నావైపు చూశాడు. కలపమన్నాను. ఆయన డబ్బు, ఆయన పులుసు.

ఆగస్టులో మళ్ళీ మధ్యాహ్నం మూడింటికి ఫోన్. గోదావరికి ఎర్రనీళ్ళొచ్చాయి, రెండు పులసలు వస్తున్నాయట, ఒకటి ఐటీ కంపెనీ వాళ్ళు ముందే చెప్పుకున్నారు. "పులసకి ఏం రాయమంటావు మెనూలో?" అన్నాడు.

"ఏమీ రాయకు బావా. ఆ గీత ఖాళీగా వదిలెయ్" అన్నాను. రెండోదాని సంగతి అడిగితే ఇంటికే అన్నాడు. ఆదివారం వస్తానని చెప్పాను.